లారెన్స్ డి గ్రాఫ్: ఒక వాక్యానికి ప్రతిపదార్థం

‘ప్రైవేటీరుగా బయలుదేరి వలసరాజ్యాల జలాల్లో సముద్రపు దొంగగా మారిన డచ్చివాడు లారెన్స్ డి గ్రాఫ్.’ పదిహేడో శతాబ్దపు కరీబియన్ సముద్రం ప్రస్తావన వచ్చినప్పుడు ఈ మనిషిని ఇట్లా ఒక్క వాక్యంలో పరిచయం చేయడం వాడుక. వాక్యం చిన్నది, పైకి తప్పేమీ కనిపించదు. కాని ఇందులోని ప్రతి మాటకూ న్యాయస్థానంలో ఒక అర్థం, రేవులో ఒక అర్థం, దోపిడీ జరిగిన ఊళ్లో ఇంకో అర్థం ఉన్నాయి. ఈ మూడూ కలగలిసిపోతే మనిషీ అర్థం కాడు, కాలమూ అర్థం కాదు. అందుచేత మాట వెంట మాటగా తీసుకుని చూద్దాం.

లారెన్స్ డి గ్రాఫ్. పూర్తి పేరు లారెన్స్ కోర్నేలిస్ బౌడెవైన్ డి గ్రాఫ్. నెదర్లాండ్స్‌లోని డోర్డ్రెక్ట్ పట్టణంలో సుమారు 1653లో పుట్టాడు. ఫ్రెంచివారు లొరాన్ అన్నారు. స్పెయిన్‌వారు లొరెన్సిల్లో అన్నారు, అనగా చిన్న లారెన్సు. ఆ పేరు విని పొట్టివాడనుకోకూడదు. పొడగరి, బంగారు రంగు జుట్టు, మీసం ఉన్నవాడని నాటి వర్ణన. మూడు భాషల పత్రాల్లో మూడు పేర్లతో కనిపించినా మనిషి ఒక్కడే.

డచ్చివాడు. తెలుగువారికి డచ్చివారంటే మచిలీపట్నం, పాలకొల్లు, భీమునిపట్నం, కాస్త దక్షిణాన పులికాటు గుర్తుకొస్తాయి. అక్కడికి వచ్చినది 1602లో ఏర్పడిన తూర్పు ఇండియా కంపెనీ. అమెరికా వైపు సముద్రాలకు వేరే కంపెనీ ఉండేది. 1621లో పుట్టిన దాని పేరు పశ్చిమ ఇండియా కంపెనీ. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం మొదటి పొరపాటు. లారెన్స్‌ను ఏదో ఒక కంపెనీ నౌకరుగా భావించడం రెండోది. అతని పేరు మోగిన దోపిడీలు ఏ కంపెనీ పనీ కావు.

మూడో పొరపాటు ఇంకా పెద్దది. డచ్చివాడు కనుక స్పెయిన్‌కు శత్రువు, శత్రువు కనుక స్పెయిన్ ఓడలు దోచాడు అనే తర్కం. ఈ తర్కం అతని తాతల కాలానికి సరిపోతుంది. 1628లో పీట్ హైన్ అనే డచ్చి నౌకాధిపతి క్యూబాలోని మటాంజాస్ అఖాతంలో స్పెయిన్ వెండి ఓడల దండును పట్టుకున్నాడు. అప్పుడు రెండు దేశాలకూ యుద్ధం. కాని 1648లో మ్యూన్‌స్టర్ సంధితో ఆ యుద్ధం ముగిసింది, అంటే లారెన్స్ పుట్టకముందే. 1672లో ఫ్రాన్సు నెదర్లాండ్స్ మీదికి దండెత్తింది. మరుసటి ఏడు నెదర్లాండ్స్, స్పెయిన్ మిత్రులై ఫ్రాన్సు మీద చేతులు కలిపాయి. కనుక లారెన్స్ యవ్వనంలో స్పెయిన్ అతని జన్మదేశానికి మిత్రురాలు, ఫ్రాన్సు శత్రువు. ఫ్రెంచి రేవుల్లో కాపురం పెట్టి స్పెయిన్ ఓడలు దోచిన ఈ డచ్చివాడు దేశభక్తి లెక్క ప్రకారం తిరగబడిన వాడు. ‘డచ్చివాడు’ అన్న మాట పుట్టుకనే చెబుతుంది. అతడు ఎవరి పక్షాన నిలిచాడో ఆ మాటలో లేదు.

ప్రైవేటీరు. వాక్యంలో అన్నిటికన్నా శ్రద్ధగా చూడవలసిన మాట ఇదే. ప్రైవేటీరు అంటే సొంత ఓడ, సొంత ఖర్చు, సొంత మనుషులు పెట్టుకుని, ఒక ప్రభుత్వమిచ్చిన సన్నదుతో శత్రుదేశపు ఓడలను పట్టే మనిషి. ఓడకూ అదే పేరు. నౌకాదళపు అధికారికి జీతముంటుంది, ఇతనికి ఉండదు. పట్టిన సరుకే జీతం.

ఇందులో నాలుగు అంగాలున్నాయి. ఒకటి సన్నదు, అనగా ఎవరి పేరున, ఎవరి మీద, ఎప్పటివరకు అని రాసి ముద్ర వేసిన అనుమతిపత్రం. నెదర్లాండ్స్‌లో ఆ అధికారం స్టేట్స్ జనరల్ అనే సభది, ఫ్రాన్సులో రాజుది, రాజు పేరున అమిరాలు అనే నౌకాధిపతిది. దూరపు దీవుల్లో గవర్నర్లు ఇచ్చేవారు. రెండోది యుద్ధం. సన్నదుకు ప్రాణం యుద్ధమే, సంధి కుదిరిన నాడు అది చిత్తుకాగితం. మూడోది పట్టుబడి విచారణ. పట్టిన ఓడను రేవుకు తెచ్చి న్యాయస్థానం ముందు నిలబెట్టాలి. అది నిజంగా శత్రువుదేనని తేలేదాకా సరుకు తాకకూడదు. నాలుగోది ప్రభుత్వపు వాటా. ఫ్రాన్సులో అమిరాలుకు పదోవంతు ముట్టేది. ఈ నాలుగింటిలో ఏది లోపించినా ఆ మనిషి ప్రైవేటీరు కాడు, దొంగ. చట్టం చెప్పింది ఇంతే.

దీని పక్కనే ఇంకో పత్రం ఉంది: ప్రతీకార సన్నదు. చాలామంది రెండింటినీ ఒకటే అనుకుంటారు. యుద్ధపు సన్నదు దేశం తరఫున ఇచ్చేది. ప్రతీకార సన్నదు ఒక వ్యక్తికి జరిగిన నష్టానికి ఇచ్చేది. అంటే పరదేశపు అధికారులు నా సరుకు అన్యాయంగా లాక్కున్నారు, న్యాయం అడిగితే దక్కలేదు, కనుక ఆ దేశస్థుల సరుకు నుంచి నా నష్టం మేరకు పూడ్చుకోనివ్వండి అని కోరితే ఇచ్చే అనుమతి. దీనికి యుద్ధం అక్కరలేదు. కాని నష్టమెంతో అంతవరకే. ఈ తేడా గుర్తుంచుకోండి, వెరాక్రూజ్ దగ్గర దీని అవసరం పడుతుంది.

బకనీరు, ఫ్లిబుస్టియే. ఇవి మన వాక్యంలో లేవు, కాని లారెన్స్ పేరు పక్కన తప్పక కనిపిస్తాయి కనుక విడదీసి చెప్పాలి. హిస్పానియోలా దీవిలో అడవి పశువులను, పందులను వేటాడి, ‘బుకాన్’ అనే కొయ్య చట్రం మీద మాంసాన్ని పొగబెట్టి ఓడలవాళ్లకు అమ్మినవారు బకనీర్లు. అనగా మొదట అది వేటగాళ్ల పేరు. వారిలో చాలామంది సముద్రం మీదికి వెళ్లడంతో ఇంగ్లీషువారు ఆ పేరును ఓడదొంగలకు పెట్టారు. ఫ్లిబుస్టియే ఫ్రెంచి మాట. స్వేచ్ఛగా కొల్లగొట్టేవాడు అనే అర్థంగల డచ్చి మాట దానికి మూలం. ఈ రెండు పేర్లూ వృత్తిని, బతుకుతీరును చెబుతాయి. సన్నదు ఉన్నదీ లేనిదీ చెప్పవు. సన్నదున్న ఫ్లిబుస్టియే ఉంటాడు, లేని ఫ్లిబుస్టియే ఉంటాడు. నిన్న ఉండి ఇవాళ లేనివాడూ ఉంటాడు.

వలసరాజ్యాల జలాలు. 1494 నాటి తోర్దెసీయాస్ ఒప్పందం ప్రకారం అట్లాంటిక్‌కు ఆవలి లోకాన్ని స్పెయిన్, పోర్చుగల్ పంచుకున్నాయి. కరీబియన్ అంతా తనదేనని స్పెయిన్ వాదన. మిగతా దేశాలు ఒప్పుకోలేదు. ఈ తగువు నుంచి ‘రేఖకు ఆవల శాంతి లేదు’ అనే మాట పుట్టింది. అంటే ఐరోపాలో సంధి ఉన్నా, కర్కటరేఖకు దక్షిణాన, అజోర్స్ దీవుల మధ్యాహ్నరేఖకు పడమట ఏ దెబ్బలాట జరిగినా ఐరోపా సంధి చెడినట్టు కాదు. ఇది ఏ సంధిలోనూ రాసుకున్న నిబంధన కాదు, నోటిమాట ఆచారం. లారెన్స్ కాలానికి ఆ ఆచారమూ సన్నగిల్లింది. 1670లో మాడ్రిడ్ సంధితో ఇంగ్లండు, స్పెయిన్ తమ అమెరికా తగువును కాగితం మీద పరిష్కరించుకున్నాయి. జమైకా గవర్నరు థామస్ లించ్ ఓడదొంగలను వేటాడించే పనిలో పడ్డాడు. హిస్పానియోలా పడమటి భాగంలో ఉన్న ఫ్రెంచి గవర్నర్లకు మాత్రం చాలినంత నౌకాదళం లేదు. తమ రేవులను కాపాడుకోవడానికి వారికి దిక్కు ఫ్లిబుస్టియేలే. అందువల్ల పెటి-గోవ్ రేవులో సన్నదు దొరకడం తేలికైంది. జమైకాలో దొంగ అనిపించుకున్నవాడు, అక్కడికి దగ్గరలోనే ఉన్న పెటి-గోవ్‌లో పెద్దమనిషి.

సముద్రపు దొంగ. అనగా పైరేటు. ఏ ప్రభుత్వపు అనుమతీ లేకుండా సొంత లాభానికి సముద్రం మీద దోచేవాడు. రోమన్ల కాలం నుంచి న్యాయశాస్త్రం ఇతణ్ని సర్వజనులకూ శత్రువుగా చూసింది. యుద్ధంలో పట్టుబడిన ప్రైవేటీరు ఖైదీ, పట్టుబడిన పైరేటుకు ఉరికంబం. ఈ నిర్వచనం పట్టుకుని లారెన్స్ చేసిన పనులు చూద్దాం.

మొదట అతడు స్పెయిన్ ఓడల్లో ఫిరంగులు పేల్చే కొలువు చేశాడు. 1674లో కనరీ దీవుల్లో పెట్రొనీలా దె గుస్మాన్ అనే స్పెయిన్ స్త్రీని పెళ్లాడాడు. ఆ దశకం ముగిసేసరికి దోపిడీ ఓడలకు నాయకుడు. 1682లో ప్రిన్సేసా అనే స్పెయిన్ యుద్ధనౌకను పట్టాడు. అందులో సాంటో డొమింగో, ప్యూర్టో రికో సైనికుల జీతాలకని తీసుకుపోతున్న సుమారు 1,20,000 పెసోలు ఉన్నాయి. 1678 నుంచి ఫ్రాన్సు, స్పెయిన్‌ల మధ్య శాంతి. కనుక ఏ ఫ్రెంచి కాగితమూ ఈ పనిని యుద్ధచర్యగా నిలబెట్టలేదు. పైన చెప్పిన నిర్వచనానికి ఇది అచ్చంగా సరిపోయే దొంగతనం.

ఇక వెరాక్రూజ్. మెక్సికో వెండి స్పెయిన్‌కు ఓడలెక్కే రేవు అది. దీని కథ నికోలాస్ వాన్ హూర్న్ అనే మరో డచ్చివాడితో మొదలవుతుంది. అతడు ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చి అమ్మేవాడు. సాంటో డొమింగోలో స్పెయిన్ గవర్నరు అతని సరుకును, అంటే మనుషులను, జప్తు చేశాడు. వాన్ హూర్న్ పెటి-గోవ్‌కు పోయి ఫ్రెంచి గవర్నరు పువాన్సే దగ్గర స్పెయిన్‌వారి మీద అనుమతి సంపాదించాడు. ఫ్రాన్సు, స్పెయిన్‌లకు యుద్ధం లేదు కనుక ఆ కాగితానికి ప్రతీకార సన్నదుకున్నంత బలమే ఉంది. అతనితో గ్రామాన్ అనే ఫ్రెంచి నాయకుడు, లారెన్స్ కలిశారు. వెయ్యిమందికి పైబడిన దండు తయారైంది.

1683 మే 17న ఈ దండు తీరం చేరింది. పట్టుబడిన స్పెయిన్ ఓడలు రెండు ముందు నడిచాయి. కోకో గింజల ఓడలకోసం ఎదురుచూస్తున్న పట్టణం వాటిని చూసి అనుమానపడలేదు. రాత్రి దిగి, తెల్లవారుజామున ఊరు పట్టుకున్నారు. రేవు ముందున్న సాన్ హువాన్ దె ఉలువా కోట సముద్రం వైపు కాపలా కాస్తుండగా వీళ్లు నేలమార్గాన వచ్చారు. వేలమంది జనాన్ని చర్చిలోకి తోసి రోజుల తరబడి బంధించారు. ఊపిరాడక, దాహంతో కొందరు అక్కడే చనిపోయారు. సొమ్ము ఎక్కడ దాచారో చెప్పకపోతే మందుగుండుతో పేల్చేస్తామని బెదిరించారు. గవర్నరు గడ్డిలో దాక్కుని దొరికాడు. అతని విడుదలకు 70,000 పెసోలు గుంజారు. తర్వాత బందీలను దగ్గరలోని సాక్రిఫిసియోస్ దీవికి తరలించి, మెక్సికో లోపలి నుంచి విడుదల సొమ్ము వచ్చేదాకా కూర్చున్నారు. వెళ్లేటప్పుడు ఊళ్లోని నల్లవారిని, మిశ్రమ జాతివారిని వెయ్యిమందికి మించి ఓడల్లో ఎక్కించుకుని బానిసలుగా అమ్ముకోవడానికి తీసుకుపోయారు. వారిలో స్వతంత్రులూ ఉన్నారు. స్పెయిన్ ఓడల దండు కనుచూపు మేరకు వచ్చినా పోరు జరగలేదు.

ఇప్పుడు సన్నదు తెరిచి చూడండి. ప్రతీకారానికి కొలత ఒక ఓడ సరుకు. దోచినది ఒక నగరం. విచారణ ఏ న్యాయస్థానం ముందూ జరగలేదు, దీవి మీదనే పంచుకున్నారు. పైగా వాన్ హూర్న్‌కు ఇచ్చిన కాగితం లారెన్స్‌ను కాపాడదు. కనుక వెరాక్రూజ్ దాడిని ప్రైవేటీరు పని అని రాయడం తప్పు. నేను ఈ విషయంలో ఏ సందేహానికీ తావివ్వను. అది దొంగతనం, హత్య, మనుషుల అపహరణ. సన్నదు సక్రమంగా ఉండివుంటే చర్చిలో ఊపిరాడక పోయినవారికి ఏం తేడా పడేదో కూడా అడగాలి. చట్టపు మాటకూ అనుభవించినవారి మాటకూ మధ్య దూరం ఇక్కడ బాగా కనిపిస్తుంది. వ్యాఖ్యాత రెంటినీ చెప్పాలి, ఒకదానికోసం రెండోదాన్ని దాచకూడదు.

ఆ దీవి మీదనే లారెన్స్‌కూ వాన్ హూర్న్‌కూ తగవు వచ్చి కత్తులు దూశారు. వాన్ హూర్న్‌కు మణికట్టు దగ్గర గాయమైంది. గాయం చిన్నదే, కాని కుళ్లింది. కొద్దిరోజుల్లోనే చనిపోయాడు.

వాటా. ఇదీ మన వాక్యంలో లేని మాటే. దండు బయలుదేరే ముందు రాసుకునే ఒప్పందాన్ని ఫ్రెంచివారు ‘షాస్-పార్తి’ అన్నారు, అనగా వేటలో ఎవరి పాలు ఎంతో తేల్చే పత్రం. దోపిడీ లేకపోతే జీతం లేదన్నది దాని మొదటి సూత్రం. ఓడదొంగల మధ్య వైద్యుడిగా తిరిగి 1678లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుస్తకం అచ్చువేసిన ఎక్స్‌క్వెమెలిన్ ఇందులోని అంగవైకల్య పరిహారాన్ని నమోదు చేశాడు. కుడి చేయి పోతే 600 ‘పీస్ ఆఫ్ ఎయిట్’లు లేదా ఆరుగురు బానిసలు. ఎడమ చేతికి 500. కన్నుకు 100 లేదా ఒక బానిస. పీస్ ఆఫ్ ఎయిట్ అంటే ఎనిమిది రియాళ్ల వెండి నాణెం, బరువు సుమారు 27 గ్రాములు. దానికే పెసో అనీ పేరు. వెరాక్రూజ్‌లో ఒక్కో మనిషి వాటా సుమారు 800 నాణేలు.

ఈ పట్టికను చూపించి, రాజుల కాలంలోనే ఓడదొంగలు ప్రజాస్వామ్యాన్ని, కార్మిక బీమాను కనిపెట్టారని మెచ్చుకునేవారున్నారు. సగం నిజం. ఓడలో ఉన్నవారి మధ్య సమానత్వం ఉంది, నాయకుణ్ని ఎన్నుకునేవారు, దించేవారు. కాని పట్టికను పూర్తిగా చదవండి. 600 నాణేలకు ఆరుగురు, 100 నాణేలకు ఒకరు. అంటే బానిసను నాణేనికి మారకంగా లెక్కగట్టారు. ఒక మనిషి కంటికి ఇంకో మనిషి మొత్తం సరితూగాడు. ఆ సమానత్వం గురించి చెప్పేవారు ఈ వరసను వదిలేయకూడదు.

మారిన. వాక్యంలోని క్రియల్లో ఎక్కువ చిక్కు తెచ్చేది ఇదే. ‘మారిన’ అంటే మొదట ఒకటి, తర్వాత ఇంకొకటి, మధ్యలో ఒక గీత. లారెన్స్ విషయంలో ఆ గీత ఎక్కడా లేదు. పైగా వరస తలకిందులు. 1682లోనూ 1683 మే నెలలోనూ అతడు దొంగ. 1683 అక్టోబరులో స్పెయిన్ ఫ్రాన్సు మీద యుద్ధం ప్రకటించింది. ఆ ఏడాది చివర అతడు స్పెయిన్‌వారి రేవు కార్తహేనా బయట తిరుగుతుంటే, అక్కడి గవర్నరు హువాన్ దె పాండో మూడు ఓడలు పంపాడు. మూడింటినీ లారెన్స్ పట్టాడు, వాటిలో సాన్ ఫ్రాన్సిస్కోను తన నావగా చేసుకున్నాడు. కొద్దిరోజులకే ఫ్రెంచి సన్నదు చేతికందింది. దాంతో అతడు సక్రమమైన ప్రైవేటీరు. ఆ హోదా ఎంతకాలం? 1684 ఆగస్టులో రాటిస్బన్ సంధి కుదరడంతో మళ్లీ కాగితం చెల్లదు. అయినా 1685 జులైలో గ్రామాన్‌తో కలిసి కాంపెచే పట్టణాన్ని పట్టి సుమారు రెండు నెలలు అక్కడే ఉన్నాడు. వెరాక్రూజ్‌లా సొమ్ము దొరకలేదు. తిరుగుదారిలో స్పెయిన్ దండుకు చిక్కబోయి, బరువు తగ్గించుకోవడానికి ఫిరంగులను సముద్రంలోకి తోయించి తప్పించుకున్నాడు. ఆ దాడి తర్వాతనే, 1686లో, కాంపెచే చుట్టూ కోటగోడ మొదలుపెట్టారు. దానిలో కొంత భాగం ఇప్పటికీ ఉంది.

సరిగ్గా అదే 1685లో ఫ్రాన్సు అతణ్ని తన పౌరుడిగా స్వీకరించింది, వాన్ హూర్న్ చావు విషయంలో క్షమాపణ ఇచ్చింది. కొన్నాళ్లకు హిస్పానియోలాలోని ఫ్రెంచి గవర్నరు దె క్యుసీ కింద సైనికాధికారి అయ్యాడు. కనుక కాలక్రమం ఇది: స్పెయిన్ ఫిరంగివాడు, దొంగ, కొద్ది నెలల ప్రైవేటీరు, మళ్లీ దొంగ, చివరికి ఫ్రెంచి రాజోద్యోగి. ఈ మార్పుల్లో సగం అతడు చేసినవి కావు. ఐరోపాలో రాజులు యుద్ధం ప్రకటిస్తే ఒక పేరు, సంధి చేసుకుంటే ఇంకో పేరు వచ్చేది. చేసే పని మాత్రం ఒకటే.

జీవితం. దొంగ అనగానే చివర ఉరికంబం ఉంటుందని పాఠకుడు ఎదురుచూస్తాడు. ఇక్కడ అది లేదు. 1688లో మొదలైన యుద్ధంలో ఫ్రాన్సుకు ఎదురుగా స్పెయిన్, ఇంగ్లండు, నెదర్లాండ్స్ మూడూ నిలిచాయి. లారెన్స్ ఫ్రాన్సు పక్షాన, అంటే పుట్టిన దేశానికి కూడా శత్రువుగా పోరాడాడు. 1691 జనవరిలో హిస్పానియోలాలోని సబానా రియల్ దగ్గర స్పెయిన్ సేన ఫ్రెంచివారిని ఓడించి దె క్యుసీని చంపింది, లారెన్స్ బతికి బయటపడ్డాడు. 1693లో ఆన్ డియూ-ల-వూ అనే స్త్రీని పెళ్లాడాడు. ఆమె తుపాకి పట్టుకుని అతణ్ని ద్వంద్వయుద్ధానికి పిలిచిందని, ఆ ధైర్యానికి మెచ్చి అతడు పెళ్లాడాడని ప్రచారంలో ఉన్నది కథ. పెళ్లి జరిగినది చరిత్ర. రెండింటినీ వేరుగా ఉంచుకోవాలి.

1695లో ఇంగ్లీషు, స్పెయిన్ సేనలు కలిసి హిస్పానియోలాలోని ఫ్రెంచి రేవు పోర్-ద-పే మీద పడ్డాయి. లారెన్స్ భార్యాబిడ్డలు పట్టుబడ్డారు. ఊరిని కాపాడలేదన్న ఆరోపణ మీద అతణ్ని ఫ్రాన్సుకు పంపి విచారించారు, నేరం రుజువు కాలేదు. గమనించండి, అతణ్ని విచారించినది అధికారిగా విధి తప్పాడన్న అభియోగం మీద. వెరాక్రూజ్ గురించి ఫ్రాన్సులో ఎవరూ అడగలేదు.

1698 చివరలో ఇబెర్వీల్ అనే నాయకుడు మిసిసిపీ నది ముఖద్వారం వెతకడానికి ఫ్రాన్సు నుంచి ఓడలతో వచ్చినప్పుడు, మెక్సికో అఖాతపు తీరాలు ఎరిగినవాడని లారెన్స్‌ను వెంట తీసుకుపోయాడు. దోపిడీల కోసం నేర్చుకున్న దారులు ఇప్పుడు కొత్త వలసరాజ్యానికి పనికొచ్చాయి. అతడు 1704 మే 24న హిస్పానియోలాలోని కాప్-ఫ్రాన్సేలో, ఫ్రాన్సు రాజు అధికారిగానే చనిపోయాడు.